ఏజ్ పెన్షన్‌కు దరఖాస్తు చేస్తున్నారా? మీ ఆస్తుల విలువ ఇలా కట్టండి

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు పెద్దలు ఏజ్ పెన్షన్ (అక్కడి ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్) దరఖాస్తులో తడబడేది వయసు దగ్గరో, నివాసకాలం దగ్గరో కాదు. 67 ఏళ్లు నిండాయా, ఈ దేశంలో మొత్తం పదేళ్లు ఉన్నారా, అందులో కనీసం అయిదేళ్లు ఎడతెగకుండా ఉన్నారా అన్నవి కాగితం చూస్తే తేలిపోతాయి. చెయ్యి ఆగిపోయేది ఆస్తుల విలువ రాయాల్సిన గడి దగ్గర. ఊళ్లో పొలం ఎంత పలుకుతుంది? బీరువాలో నగలకు ఎంత వేయాలి? పదేళ్లు వాడిన సోఫాకు విలువ ఏమిటి?

ఈ ప్రశ్నలకు జవాబు తెలియక కొందరు భయంతో ఎక్కువ రాస్తారు. కొందరు ‘అంత దూరంలో ఉన్నది ఎవరు చూస్తారులే’ అని అసలు రాయరు. రెండింటిలోనూ నష్టపోయేది మీరే. ఎక్కువ రాస్తే మీ సామాను అంత చేయదని ఎవరూ వచ్చి దిద్దరు, పెన్షన్ చడీచప్పుడు లేకుండా తగ్గిపోతుంది. దాచిపెడితే ఎప్పుడో ఒకనాడు బయటపడి, తీసుకున్న డబ్బు తిరిగి కట్టమని నోటీసు వస్తుంది. డెబ్భై అయిదేళ్ల వయసులో అలాంటి ఉత్తరం ఎవరికీ రాకూడదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఇక్కడ డాలర్లంటే ఆస్ట్రేలియా డాలర్లు.

ముందు హద్దు ఎక్కడుందో చూసుకోండి

2025 జూలై 1న అమల్లోకి వచ్చిన పరిమితుల ప్రకారం, సొంత ఇంట్లో ఉంటున్న ఒంటరి వ్యక్తికి 3,21,500 డాలర్ల వరకు, దంపతులకు ఇద్దరివీ కలిపి 4,81,500 డాలర్ల వరకు ఆస్తులున్నా పూర్తి పెన్షన్‌కు ఆస్తుల వల్ల అడ్డు రాదు. సొంత ఇల్లు లేనివారికి ఈ పరిమితి ఎక్కువ: ఒంటరి వ్యక్తికి 5,79,500, దంపతులకు 7,39,500. ఏటా జూలై 1న ఈ అంకెలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున అమల్లో ఉన్నవి చూసుకోండి.

పరిమితి దాటిన ప్రతి 1,000 డాలర్లకు రెండు వారాల పెన్షన్‌లో 3 డాలర్లు కోత పడుతుంది. 2017 జనవరి 1 నుంచి ఇదే లెక్క. వినడానికి చిన్నదిగా అనిపిస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. అప్పటికే పరిమితి దగ్గర ఉన్న దంపతులు ఇంటి సామాను విలువను బీమా పాలసీలో చూసి 80,000 డాలర్లని రాశారనుకుందాం. అమ్మితే నిజానికి వచ్చేది 10,000. అదనంగా రాసిన 70,000కు రెండు వారాలకు 210 డాలర్లు పోతాయి. ఏడాదికి 5,460 డాలర్లు. ఒక్క గడిలో తప్పు అంకె వేసినందుకు!

ఆస్తులతో పాటు ఆదాయానికి కూడా పరీక్ష ఉంటుంది. రెండింటిలో ఏ లెక్క ప్రకారం పెన్షన్ తక్కువ వస్తే అదే ఇస్తారు. ఇంకో మాట, 67 నిండకముందు జాబ్‌సీకర్ (నిరుద్యోగ భృతి) లాంటి భృతికి వెళ్లేవారికి ఈ క్రమంగా తగ్గించే పద్ధతి ఉండదు. పరిమితి దాటితే భృతి పూర్తిగా ఆగిపోతుంది. వారు విలువల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

మీరు ఏ వర్గంలోకి వస్తారు?

కొడుకు ఇంట్లోనో కూతురి ఇంట్లోనో ఉంటున్న తల్లిదండ్రులు ఇక్కడ పొరబడుతుంటారు. ఇండియాలో ఇల్లు ఉంది కదా అని ‘సొంత ఇల్లు ఉంది’ అని రాస్తారు. పెన్షన్ వ్యవహారాలు చూసే సర్వీసెస్ ఆస్ట్రేలియా విభాగం సెంటర్‌లింక్ దృష్టిలో సొంత ఇల్లంటే మీరు నివాసం ఉంటున్న, మీకు హక్కు ఉన్న ఇల్లు. దాని విలువ ఎంతైనా లెక్కలోకి తీసుకోరు. అదే పట్టాలో ఉన్న రెండు హెక్టార్ల వరకు స్థలానికి కూడా ఈ మినహాయింపు ఉంటుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న ఇల్లు మీరు ఉంటున్న ఇల్లు కాదు. అది ఆస్తి కింద లెక్కకు వస్తుంది. అయితే మీరు ఇల్లు లేనివారి వర్గంలోకి వస్తారు కాబట్టి ఎక్కువ పరిమితి వర్తిస్తుంది.

పిల్లలు ఇల్లు కొంటుంటే మీ డబ్బు పెట్టి, బదులుగా ఆ ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు పొందితే దానికి ‘గ్రానీ ఫ్లాట్’ నియమాలని వేరే ఉన్నాయి. పేరులో ఫ్లాట్ ఉన్నా విడిగా కట్టిన గది ఉండాల్సిన పని లేదు. ఆ ఆలోచన ఉంటే డబ్బు చేతులు మారకముందే సర్వీసెస్ ఆస్ట్రేలియావారి ఫైనాన్షియల్ ఇన్ఫర్మేషన్ సర్వీస్‌తో మాట్లాడండి. 132 300కు ఫోన్ చేస్తే చాలు, ఖర్చేమీ ఉండదు.

ప్రతి వస్తువుకూ ఒకటే ప్రశ్న

మార్కెట్ విలువ అంటే ఆ వస్తువును ఉన్నది ఉన్నట్టుగా ఇవాళ అమ్మితే మీకు వచ్చే డబ్బు. కొన్న ధర కాదు, కొత్తది కొనాలంటే అయ్యే ఖర్చు కాదు, బీమా కంపెనీ వేసిన అంకె కాదు, దాని మీద మీకున్న మమకారం అసలే కాదు. దరఖాస్తు పక్కన పెట్టుకుని ఒక్కో వస్తువు దగ్గరా ‘ఇవాళ అమ్మితే ఎంత?’ అని అడుగుతూ వెళ్లండి.

ఇంటి సామానుతో మొదలుపెట్టండి, అది తేలిక. ఒక నోటు పుస్తకంతో గది గదీ తిరగండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ, మంచాలు, డైనింగ్ టేబుల్: ఆ వయసున్న అలాంటి వస్తువు పాత సామాను అమ్మే వెబ్‌సైట్లలో ఎంతకు పోతోందో చూసి పక్కన రాయండి. చాలావాటికి వచ్చేది కొన్న ధరలో చిన్న వాటానే. ఇంటి సామాను, వ్యక్తిగత వస్తువులకు మీరు వేరే వివరం ఇవ్వకపోతే సెంటర్‌లింక్ మామూలుగా 10,000 డాలర్లు అనుకుంటుంది. మీ లెక్క అంతకన్నా తక్కువ తేలితే ఆ తక్కువ అంకె ఇవ్వడానికి సంకోచించకండి. ఎక్కువ తేలితే అదీ చెప్పాలి. చెవికి పెట్టుకునే యంత్రం, చక్రాల కుర్చీ లాంటి వికలాంగుల ఉపకరణాలు లెక్కలోకి రావు.

కారు కూడా అంతే. తయారైన ఏడాది, మోడల్, తిరిగిన కిలోమీటర్లు కలిసే కార్లకు ఏ ధర నడుస్తోందో నాలుగయిదు చోట్ల చూడండి. ప్రకటనల్లో కనిపించేది అమ్మేవాళ్లు అడిగే ధర, బేరమాడాక తగ్గేదే. కారు మీద అప్పు ఉంటే మిగిలిన బాకీని తీసివేసి రాయాలి.

నగలు

మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. రోజూ ఒంటి మీద ఉండేదైనా, ఇండియాలో బ్యాంకు లాకరులో ఉన్నదైనా నగ నగే, చెప్పాల్సిందే. కాని విలువ కట్టేటప్పుడు కొట్లో ఇచ్చిన బిల్లు ముందు పెట్టుకోకండి. ఆ బిల్లులో తరుగు, మజూరీ, పన్ను ఉంటాయి. అమ్మేటప్పుడు వాటిలో పైసా కూడా తిరిగి రాదు.

ఒక పాత నెక్లెస్ తూకం 48 గ్రాములు ఉందనుకోండి. రాళ్లు, లక్క కలిపి 6 గ్రాములుంటే బంగారం 42 గ్రాములే. అది 22 క్యారెట్లదైతే అందులో మేలిమి 91.6 శాతం, అంటే సుమారు 38 గ్రాములన్నర. ఆ బరువుకు ఆ రోజు పాత బంగారం కొనేవాళ్లు ఇచ్చే ధర కట్టాలి. రాళ్లకు విడిగా ఏమైనా ఇస్తారేమో నగల వ్యాపారినే అడగండి. ఒకరిద్దరి దగ్గర తూకం, క్యారెట్, కొనుగోలు ధర కాగితం మీద రాయించుకుని తేదీతో దాచుకోండి. బంగారం ధర పెరిగిన కాలంలో ఈ కాగితం ఇంకా ముఖ్యం, ఏ రోజు ధర ప్రకారం చెప్పారో అది నిలబెడుతుంది. పూజగదిలోని వెండి సామానుకూ ఇదే పద్ధతి.

ఊళ్లో పొలం, స్థలం, ఇల్లు

విదేశాల్లోని ఆస్తులు కూడా ఆస్తుల పరీక్షలోకి వస్తాయి. ఇందులో మినహాయింపు లేదు, ‘పొలం మీద ఏమీ రావడం లేదు’ అన్నది కారణం కాదు. రాబడి వేరు, విలువ వేరు. కౌలు వస్తుంటే దాన్ని ఆదాయంగా విడిగా చెప్పాలి.

మొదట మీ వాటా తేల్చుకోండి. పట్టాదారు పాసు పుస్తకంలో ఎవరి పేరుంది, ఎన్ని ఎకరాలు, ఎన్ని సెంట్లు లేదా గుంటలు? నాన్న పేరు మీదే ఉండిపోయి పంపకాలు జరగని పొలమైతే వారసులు ఎందరు, మీకు వచ్చేది ఎన్నో వంతు? మొత్తం పొలం విలువ మీ పేర రాసుకోకండి, మీ వాటా విలువే మీది. ఆడవాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన చట్ట సవరణ 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చింది. ‘అది అన్నయ్యల పొలం’ అని వదిలేసే ముందు చట్టప్రకారం మీకు వాటా ఉందా లేదా అన్నది ఊళ్లో న్యాయవాదిని అడిగి తేల్చుకోండి.

తర్వాత విలువ. రిజిస్ట్రేషన్ల శాఖ సర్వే నంబరు వారీగా మార్కెట్ విలువ ధ్రువపత్రం ఇస్తుంది. అది ప్రభుత్వ కాగితం కాబట్టి జత చేయడం మంచిదే. కాని దాని పేరు చూసి మోసపోవద్దు. స్టాంపు రుసుము లెక్క కోసం ప్రభుత్వం నిర్ణయించిన అంకె అది, చాలా ఊళ్లలో నిజంగా నడుస్తున్న ధర అంతకన్నా ఎక్కువ. సెంటర్‌లింక్ అడిగేది నిజంగా నడుస్తున్న ధర. ధ్రువపత్రంలోని అంకెనే రాసి ఊరుకుంటే రేపు పొలం అమ్మినప్పుడు బ్యాంకులోకి వచ్చే డబ్బే మీ మీద సాక్ష్యం చెబుతుంది.

అలాగని ఊళ్లో వినిపించే కబుర్లను కూడా నమ్మకండి. బైపాసు వస్తోందట, ఎకరం కోటి అంటున్నారట అన్న మాటలు ధర కావు. ఆ చుట్టుపక్కల ఏడాది లోపల ఎవరు ఎంతకు అమ్మారు, మీ పొలానికి దారి ఉందా, బోరు ఉందా, మెట్టా మాగాణీయా, రోడ్డుకు ఎంత దూరం అన్నవి చూసి రిజిస్టర్డ్ వాల్యూయర్ చేత నివేదిక రాయించుకోండి. దానికయ్యే ఖర్చుకు వెనకాడవద్దు. పొలానికి దారి లేకపోయినా, హద్దు తగాదా ఉన్నా, కోర్టులో కేసు నడుస్తున్నా ఆ సంగతి నివేదికలో ఉండాలి, ఎందుకంటే కొనేవాడు ఆ మేరకు ధర తగ్గిస్తాడు. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నవారు ఇండియాలోని వ్యవసాయ భూమిని అక్కడ నివసించే భారత పౌరులకే అమ్మగలరు. ఈ సంగతి కూడా వాల్యూయర్‌కు చెప్పండి.

ఆస్ట్రేలియాలో అద్దెకిచ్చిన ఇల్లో స్థలమో ఉంటే ఇంత తిప్పలుండదు. మీరు మీ అంచనా ఇస్తారు, అవసరమనుకుంటే సెంటర్‌లింకే తన ఖర్చుతో వాల్యూయర్‌ను పంపుతుంది. అది ఇక్కడిదైనా, ఊళ్లోదైనా, మీరు ఉంటున్న ఇల్లు కాని స్థిరాస్తి వివరాలకు ‘మోడ్ ఆర్’ అనే ఫారం ఉంది.

ఒక్క చిక్కు మాత్రం గుర్తుంచుకోండి. మీరు ఉంటున్న ఇంటిని తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుతో అద్దె ఇల్లు కొంటే, సాధారణంగా ఆ అప్పును అద్దె ఇంటి విలువలోంచి తీసివేయరు. అప్పు ఏ ఆస్తి మీద ఉందన్నది చూస్తారు, ఆ డబ్బును దేనికి వాడారన్నది కాదు. తాకట్టు లేని చేబదులు అప్పులు కూడా తీసివేయరు. మీరు ఇతరులకు ఇచ్చిన అప్పు మాత్రం మీ ఆస్తే, తిరిగి రావాల్సినంత కాలం రాయాలి.

బ్యాంకు, షేర్లు, సూపర్, బీమా

ఇవి కాగితం చూసి రాసేవే. ఖాతాల్లో ఆ రోజు నిల్వ, ఇండియాలోని ఫిక్స్‌డ్ డిపాజిట్లతో సహా. షేర్లకు సంఖ్య, ఆ రోజు ధర. వీటి విలువను సెంటర్‌లింక్ ఏటా మార్చి 20న, సెప్టెంబరు 20న సరిచూస్తుంది. సూపర్ నిధి (ఉద్యోగకాలంలో మీ పేర జమ అయిన రిటైర్మెంట్ పొదుపు) మీకు 67 నిండే వరకు మీరు దాన్ని పెన్షన్‌గా తీసుకోవడం మొదలుపెట్టకపోతే లెక్కలోకి రాదు, నిండాక వస్తుంది. దంపతుల్లో ఒకరు చిన్నవారైతే ఈ తేడా చాలా మేలు చేస్తుంది. ఎల్‌ఐసీ పాలసీకి బోనసులతో కలిపి చివర్లో వచ్చే మొత్తం వేయకండి, ఇవాళ వెనక్కి ఇచ్చేస్తే వచ్చే సరెండర్ విలువ శాఖ నుంచి రాయించుకుని అది వేయండి. రూపాయల్లో ఉన్నవాటిని రూపాయల్లోనే, ఏ కరెన్సీయో స్పష్టంగా రాసి ఇవ్వండి.

పిల్లలకు ఇచ్చేసినవి

దరఖాస్తుకు ముందు పొలాన్ని పిల్లల పేర రాసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. ఒక ఆర్థిక సంవత్సరంలో 10,000 డాలర్లు, అయిదు ఆర్థిక సంవత్సరాల్లో మొత్తం 30,000 డాలర్లు దాటి ఇచ్చిందంతా, ఇచ్చిన రోజు నుంచి అయిదేళ్లపాటు మీ దగ్గరే ఉన్నట్టు లెక్కవేస్తారు. దంపతులిద్దరికీ కలిపి కూడా ఇదే పరిమితి. కొడుక్కి రాసిన గిఫ్ట్ డీడ్, తమ్ముడికి ఉచితంగా వదులుకున్న వాటా, మనవరాలి పెళ్లికి పెట్టిన బంగారం అన్నీ ఇందులోకి వస్తాయి. మార్కెట్ ధర కన్నా బాగా తక్కువకు అమ్మినా తేడా అంతా ఇచ్చినట్టే. పిల్లలకు ఇవ్వడం తప్పని నేను అనను, మీ కష్టార్జితం మీ ఇష్టం. ఇచ్చిన తేదీ, ఆనాటి విలువ తెలిపే పత్రాలు మాత్రం జాగ్రత్త చేసుకోండి. అయిదేళ్లు పూర్తయిన రోజున ఆ మొత్తం లెక్కలోంచి తొలగిందో లేదో మీరే చూసుకోవాలి.

అమ్ముడుపోక, దాని మీద అప్పు పుట్టక ఇరుక్కుపోయిన ఆస్తి వల్ల పెన్షన్ రాక తిండికీ ఇబ్బందిగా ఉంటే ‘హార్డ్‌షిప్’ నిబంధన కింద పరిశీలించమని అడగండి. అడగకపోతే వారు తమంతట తాము గుర్తు చేయకపోవచ్చు. అమ్మడానికి చేసిన ప్రయత్నాలకు రుజువులు సిద్ధంగా ఉంచుకోండి.

దరఖాస్తు పెట్టాక

67 నిండడానికి 13 వారాల ముందే దరఖాస్తు పెట్టవచ్చు. ఊరి నుంచి కాగితాలు రావడానికి నెలలు పడుతుంది కాబట్టి ఆ పని ఇంకా ముందే మొదలుపెట్టండి. తెలుగులో ఉన్న పాసు పుస్తకాలు, దస్తావేజులు దరఖాస్తుకు అవసరమైతే సర్వీసెస్ ఆస్ట్రేలియా ఉచితంగానే అనువదించి పెడుతుంది, మీరు డబ్బు పెట్టక్కర్లేదు.

పెన్షన్ మొదలయ్యాక ఆస్తుల్లో మార్పు వస్తే 14 రోజుల్లోపు తెలియజేయాలి. పెరిగినప్పుడు చెప్పాలని అందరికీ తెలుసు. తగ్గినప్పుడు చెప్పడం మరిచిపోతారు. ఆరేళ్ల కిందట 25,000 డాలర్లని రాసిన కారు ఇవాళ 9,000 కూడా చేయకపోవచ్చు. మీరు చెప్పేవరకు రికార్డులో అది 25,000గానే ఉండిపోతుంది. ఏడాదికోసారి మైగవ్‌లో (ప్రభుత్వ సేవల ఆన్‌లైన్ ఖాతాలో) మీ ఆస్తుల పట్టిక తెరిచి కారు, ఇంటి సామాను, ఊళ్లో స్థిరాస్తి అంకెలు సరిచూసుకోండి.

నిర్ణయం తెలిపే ఉత్తరంలో ప్రతి ఆస్తికీ ఎంత వేశారో చూడండి. ఒప్పుకోలేనిది ఉంటే 13 వారాల్లోపు సమీక్ష కోరండి. ఆ గడువులోపు అడిగి గెలిస్తే బకాయి మొదటి రోజు నుంచి వస్తుంది. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఇంగ్లిష్‌లో మాట్లాడలేమని వెనకడుగు వేయకండి. 131 202కు ఫోన్ చేసి తెలుగు దుభాషి కావాలని చెబితే ఉచితంగా ఏర్పాటు చేస్తారు. మాట్లాడేటప్పుడు వాల్యూయర్ నివేదిక, నగల తూకం కాగితం, మీరు గది గదీ తిరిగి రాసుకున్న నోటు పుస్తకం ముందు పెట్టుకోండి.